తొట్టిలో తోడెందుకు?

ఒంటరి ప్రాణిని చూస్తే మనకు తోచే మొదటి మాట, పాపం దీనికో తోడు తేవాలని. అక్వేరియంలో రొయ్యలకు చుట్టమైన క్రేఫిష్‌ను చూసినా అంతే. కానీ ఆ జాలి మనదే, దానిది కాదు. రెండోది నీళ్లలో దిగీ దిగగానే డెక్కలు లేస్తాయి. ఎదుటిదాని వైపు మూత్రం చిమ్మి మరీ బలం చాటుకుంటాయి, మర్యాద మాట అడక్కండి.

ఊడిన డెక్క మళ్లీ మొలుస్తుంది. అసలు గండం కుబుసం విడిచినప్పుడు. పాత పెంకు పోయాక ఒళ్లంతా మెత్తన. కడుపులో దాచుకున్న సున్నంతో, విడిచిన పెంకునే తిని, కొత్త కవచాన్ని గట్టిపరచుకునేదాకా అది ఎదురు తిరగలేదు. పక్కదాని కంటపడితే ఇక ముక్కలే మిగులుతాయి. నీలకంఠ రొయ్యలు పెంచే మన రైతులకు ఈ సంగతి కొత్త కాదు. చెరువులో కొమ్మలూ పైపుముక్కలూ వేసేది అవి దాక్కోవడానికే.

నన్ను ఆలోచనలో పడేసేది మార్బుల్డ్ క్రేఫిష్. 1990లలో జర్మనీ అక్వేరియంలలో బయటపడింది. మగవి లేవు, జత లేకుండానే ఆడది తన నకళ్లను కంటుంది. జన్యువులు ఒక్కటే అయిన ఆ అక్కచెల్లెళ్లు కూడా ఒకదాన్నొకటి తింటాయి. రక్తసంబంధం గురించి మనం చెప్పుకునే కబుర్లు వాటికి పట్టవు.

రెండు పెంచి తీరాలంటే విశాలమైన తొట్టి, ఉన్నవాటికంటే ఎక్కువ బొరియలు తప్పవు. నా ఓటు ఒక్కదానికే. విసుగొచ్చినా ఊరి చెరువులో మాత్రం వదలకండి. మార్బుల్డ్ క్రేఫిష్‌ను ఐరోపా సమాఖ్య 2016లో నిషేధించింది అందుకే. చెరువు నిండడానికి అది ఒక్కటి చాలు.