టెక్సాస్ పెద్దాయన, తూటాల ప్రెస్సు, నేను చెప్పిన మాట

పోస్టు కొంచెం పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మా పెద్దమ్మాయి కాన్పుకని ఫిబ్రవరిలో అమెరికా వెళ్లి జూన్‌లో తిరిగొచ్చాం గదా. వచ్చిన మర్నాడు రచ్చకట్ట దగ్గర మనోళ్లు అడిగిన మొదటి ప్రశ్న అల్లుడి జీతం గురించి కాదు, అడవి పందుల గురించి. "అన్నా, అక్కడ రైతులు పందుల్ని తుపాకితో కొడతారంట, తూటాలు గూడా ఇంట్లోనే చేసుకుంటారంట, నిజమేనా?" అని. నిజమే. ఒకాయన చేసుకుంటుంటే పక్కన కూర్చుని చూశాను. ఏ మిషన్ కొనాలి అనే పంచాయితీలో నేనూ ఒక మాట చెప్పాను.

అసలు సంగతికి ముందు ఇది చదవండి. మన దగ్గర ఇది కుదరదు. తుపాకి లైసెన్సు ఉంటే తూటా తయారు చేసే హక్కు రాదు, దానికి 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షను కింద వేరే లైసెన్సు కావాలి. లేకుండా చేస్తే, 2019లో చట్టం సవరించినాక, శిక్ష కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. పందిని కొట్టాలన్నా 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షను కింద అనుమతి తెచ్చుకోవాల్సిందే. ఒక పిల్లోడు నాకు ఫోన్ చేసి "మామా, మీ అల్లుడితో చెప్పి ఒక ప్రెస్సు తెప్పించు, డబ్బులు నేనిస్తా" అన్నాడు. వాడి బాధ నాకు తెలుసు. రెండెకరాల శెనక్కాయ ఒక్క రాత్రిలో దున్నేసినట్టు చేసి పోయినాయి పందులు. అయినా తెచ్చేది లేదురా అని చెప్పాను. పందులకని పెట్టిన కరెంటు తీగ తగిలి, నీళ్లు కట్టను పోయిన మనిషి మా పక్క ఊళ్లో పొద్దునకి శవమై దొరికాడు. ఏడేళ్ల జైలు ఒక పక్క, అట్లాంటి చావు ఒక పక్క. పిల్లోడి ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు.

సరే, అసలు సంగతి. మా అల్లుడు వాళ్లు ఉండేది టెక్సాస్‌లో, ఆస్టిన్‌కి ఈశాన్యాన టేలర్ అనే ఊరి దగ్గర. శాంసంగ్ వాళ్ల చిప్పుల ఫ్యాక్టరీ ఆ ఊళ్లోనే. ఆ చుట్టూ నేల చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. అచ్చం మన నల్లరేగడి. ఎండితే నెర్రెలు, తడిస్తే కాలికి రెండు కేజీల బంక. మొక్కజొన్న, పత్తి, జొన్న వేస్తారు. వీళ్ల ఇంటి వెనక చేను ఒక పెద్దాయనది, డెబ్బై దాటినాయి. నేను గూడా రైతునే అని అల్లుడు చెప్పగానే గేటు తీసి లోపలికి పిలిచాడు. నాకొచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆయనకి తెలుగు ఎట్లా రాదు, మధ్యలో అల్లుడు.

మార్చిలో మొక్కజొన్న విత్తారు. మూడో రోజు పొద్దున నన్ను తీసుకుపోయి చూపించాడు. పందులు సాలు పట్టుకుని నడిచినాయి. ఎక్కడ గింజ పడిందో అక్కడ ముట్టె పెట్టి ఒక గుంత, మళ్లీ జానెడు దూరంలో ఒక గుంత. గొర్రుతో విత్తిన సాలును వెనకనే వచ్చి ఎవరో తిరిగి ఏరుకుంటూ పోయినట్టు. టెక్సాస్‌లో ఈ పందులు ఇరవై లక్షలకు పైనే అని అంచనా. ఎప్పుడో స్పెయిన్ వాళ్లు తెచ్చిన పందులు అడవి పట్టి పెరిగినాయి. అక్కడ సొంత భూమిలో, లేదా భూమి యజమాని ఒప్పుకుంటే, వేట లైసెన్సు గూడా లేకుండా వాటిని కొట్టొచ్చు, 2019 నుంచి ఆ వెసులుబాటు ఇచ్చారు. సొంత వాడకానికి తూటాలు కట్టుకోవడానికి కేంద్రం లైసెన్సు అక్కర్లేదు. అమ్మాలంటేనే కావాలి.

తూటా అంటే నాలుగు భాగాలు. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ (వాళ్లు ప్రైమర్ అంటారు), లోపల మందు, మూతికి బుల్లెట్. పేల్చినాక మిగిలేది ఇత్తడి గుల్ల ఒక్కటే. ఖరీదైనదీ అదే. దాన్ని ఏరుకొచ్చి మళ్లీ నింపుకోవడమే ఈ పని. 2020, 21లో అక్కడ దుకాణాల్లో తూటాలు దొరక్క జనం అల్లాడినారట, ప్రైమర్లు మరీ కరువైనాయట. ఇంట్లో నిల్వ ఉన్నోళ్లే నిలబడ్డారని పెద్దాయన చెప్పాడు. మనకు యూరియా కరువు వచ్చినప్పటి కథే.

ఆయన షెడ్డులో ఒక బల్ల. బల్లకి బోల్టులు బిగించి ఒక పోత ఇనుము ప్రెస్సు, ఆకుపచ్చ రంగు, ఆర్‌సీబీఎస్ వాళ్ల రాక్ చకర్. ఆ పేరుకి ఒక కథుంది. రాక్ చక్ అంటే బొరియల్లో ఉండే ఒక జంతువు, మన పందికొక్కుకి పెద్దన్న అనుకోండి, అక్కడి పొలాలకి పీడ. కాలిఫోర్నియాలో ఒరోవిల్ అనే ఊళ్లో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన వాటిని కొట్టడానికి బుల్లెట్లు ఒత్తే అచ్చులు చేశాడు. 1943లో ఆ అచ్చుల పేరు మీదనే కంపెనీ పెట్టాడు. పంట తినే జంతువు పుణ్యాన పుట్టిన కంపెనీ అన్నమాట.

ఇప్పుడు పంచాయితీ ఏమంటే, పెద్దాయన మనవడికి ఇరవై రెండేళ్లు, తాత దగ్గర పని నేర్చుకుంటున్నాడు. వాడికి ఈ పాత ప్రెస్సు నచ్చదు. ఒకసారి హ్యాండిల్ లాగితే ఒక్క పనే చేస్తుంది. గుల్లను సైజుకి ఒత్తాలంటే ఒక అచ్చు బిగించి మొత్తం గుల్లలు ఒత్తాలి, తర్వాత అచ్చు మార్చి బుల్లెట్లు కూర్చోబెట్టాలి. మనవడికి కావాల్సింది అరిజోనాలోని డిల్లన్ వాళ్ల ప్రోగ్రెసివ్ ప్రెస్సు. దాంట్లో పళ్లెం తిరుగుతా ఉంటుంది, ఒక్కో చోట ఒక్కో పని, హ్యాండిల్ లాగిన ప్రతిసారీ ఒక తయారైన తూటా పడుతుంది. గంటకి నాలుగైదు వందలు. ధర పాతదానికి మూడు నాలుగింతలు. రెంటికీ మధ్యలో టరెట్ ప్రెస్సు ఇంకొకటి ఉంది, అచ్చులన్నీ పైన తిరిగే తలకాయలో బిగించే ఉంటాయి, మార్చే పని లేదు. విస్కాన్సిన్‌లోని లీ వాళ్లది చవగ్గా వస్తుంది.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి. ఏ కంపెనీ అచ్చైనా ఏ కంపెనీ ప్రెస్సులోనైనా దాదాపు పడుతుంది. మర కొలత అందరిదీ ఒకటే, 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. మన ట్రాక్టర్‌కి మూడు పాయింట్ల లింకేజీ ఒకటే కొలత ఉండబట్టి గదా ఏ ఊళ్లో చేసిన గొర్రైనా తగిలించుకుంటున్నాం. ప్రెస్సు చవకది కొన్నా అచ్చులు వృథా కావు. ఫ్రేము మాత్రం చుట్టూ మూసి ఉన్నది చూసుకోవాలి, ఒక పక్క తెరిచి ఉన్నది పెద్ద గుల్లలు ఒత్తేటప్పుడు వంగుతుంది. బల్ల కదిలితే ఎంత మంచి ప్రెస్సైనా దండగ. చాఫ్ కట్టర్ బోల్టులు వదులైతే ఏమవుతుందో మనకు తెలుసు గదా.

తాత, మనవడు రెండు వారాలు దీని మీదే. చివరికి పెద్దాయన నా వైపు తిరిగి "నువ్వు చెప్పు" అన్నాడు. నాకేం తెలుసు అనబోయి, ఒకటే అడిగాను. ఏడాదికి ఎన్ని కాలుస్తారు? మూడు నాలుగు వందలు. పాత ప్రెస్సు మీద ఎన్ని రోజుల పని? నాలుగైదు సాయంత్రాలు. అంటే గంట పని చేసే మిషన్ కొని ఏడాదంతా గుడ్డ కప్పి పెడతారన్నమాట. రెండెకరాల వరికి సొంత హార్వెస్టర్ కొన్నట్టు.

అయితే మనవడి మాటలోనూ నిజం లేకపోలేదు. వాడికి అసలు విసుగు ఎక్కడ పుడుతోందో చూస్తే అది ప్రెస్సు దగ్గర కాదు, గుల్లలు కోసే దగ్గర. ఇది అర్థం కావాలంటే కాస్త లోపలికి పోవాలి. తూటా పేలినప్పుడు ఆ వేడికి, ఒత్తిడికి ఇత్తడి మూతి వైపు సాగుతుంది. మళ్లీ సైజుకి ఒత్తినప్పుడు ఇంకాస్త సాగుతుంది. పెద్దాయన రైఫిల్ .308 విన్చెస్టర్. దాని గుల్ల పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు, దాటకముందే 2.005కి కోసి పెట్టుకోవాలి. తేడా ఎంత? పావు మిల్లీమీటరు. అంతకంటే పెరిగితే గుల్ల మూతి తుపాకి గొట్టం మొదట్లో ఇరుక్కుని బుల్లెట్‌ను పట్టేస్తుంది, వదలదు, ఒత్తిడి ఎగబాకుతుంది. మొహం పక్కనే పేలే సామాను అది. అందుకే ప్రతి గుల్లా కాలిపర్‌తో కొలవాలి, పెరిగినదాన్ని కోయాలి, కోసినాక మూతి లోపలా బయటా గరుకు తీయాలి.

ఆయన దగ్గర ఉన్నది చేత్తో తిప్పే ట్రిమ్మర్. చిన్న లేత్ లాంటిది. గుల్లను ఒక చివర బిగించి, మూతిలోకి ఒక పైలట్ కడ్డీ పెట్టి, హ్యాండిల్ తిప్పాలి. బిగించు, తిప్పు, విప్పు. తర్వాత గరుకు తీయడానికి మళ్లీ రెండుసార్లు చేతిలోకి. మూడు వందల గుల్లలకి అట్లా చేస్తే వేళ్లు నొప్పి పుడతాయి. అట్లా నొప్పి పుట్టినప్పుడే మనిషి "ఇది కొలవకపోయినా ఫర్వాలేదులే" అనుకుంటాడు. మనవడు అప్పటికే రెండుసార్లు అట్లా వదిలేశాడని తాత చెప్పాడు.

దీనికి ఇంకా రకాలున్నాయి. లీ వాళ్లది అన్నిటికన్నా సాదాది, ఒక కట్టర్, ఆ గుల్ల రకానికి సరిపడే ఒక కొలత కడ్డీ. సర్దేది ఏమీ ఉండదు, కడ్డీ ఎంత పొడవు చెప్తే అంతే కోస్తుంది, డ్రిల్లుకి బిగించుకోవచ్చు. ఇంకోటి డ్రిల్లుకి తగిలించి గుల్లను మూతి వైపు నుంచి లోపలికి నెట్టేది, ఇది గుల్ల భుజాన్ని ఆనుకుని కోస్తుంది, కాబట్టి సైజుకి ఒత్తినాకే వాడాలి. అన్నిటికీ పైన మోటారుది, జిరాడ్ వాళ్లది. దాని మూడంచుల బ్లేడు కోయడం, లోపల గరుకు, బయట గరుకు, మూడూ ఒకేసారి చేసేస్తుంది. గుల్ల పెట్టి తీయడమే, నాలుగైదు సెకన్లు.

నేను చెప్పింది ఇది. "అయ్యా, మన పొలంలో కలుపు తీయడానికి మిషన్ పెడతాం, పురుగు మందు మాత్రం మనమే కొలిచి కలుపుతాం. పని విసుగైనా ప్రమాదం లేని చోట వేగం కొనండి. ప్రమాదం ఉన్న చోట వేగం వద్దు." మందు పోసేది ప్రెస్సు దగ్గర. ఆ మందును వాళ్లు గ్రెయిన్లలో తూస్తారు, గ్రెయిన్ అంటే గింజే, ఒక గ్రాముకి పదిహేనుకు పైగా వస్తాయి, మన గురిగింజ తూకం లాగా. ఒక గుల్లలో రెండుసార్లు పడినా, అసలు పడకపోయినా కొంప మునుగుతుంది. పాత ప్రెస్సుతో చేస్తే గుల్లలన్నీ చెక్క పలకలో నారుమడి లాగా నిలబెట్టి, మందు పోసినాక టార్చి వేసి ఒక్కోదాంట్లోకి తొంగి చూస్తాం. తిరిగే పళ్లెం మీద, కొత్త చేతికి, ఆ తొంగి చూసే తీరిక ఉండదు. బాగా అనుభవం ఉన్నోళ్లు, పోటీలకి వేలల్లో కాల్చేవాళ్లు దాన్నే భద్రంగా వాడుతున్నారు, మిషన్‌ది తప్పనడం లేదు. ఈ పిల్లోడికి, ఈ నాలుగు వందల తూటాలకి వద్దు అంతే.

అల్లుడు దీన్ని ఇంగ్లీషులో ఎట్లా చెప్పాడో గానీ పెద్దాయన బల్ల మీద చెయ్యేసి నవ్వాడు. మనవడు నవ్వలేదు.

చివరికి పాత రాక్ చకరే మనవడి పేరు మీదకి వచ్చింది, మోటారు ట్రిమ్మర్ కొన్నారు. నాకైతే మోటారుది గూడా ఎక్కువే అనిపించింది, డ్రిల్లుకి తగిలించేది చాలు. కానీ కొనేది వాళ్ల డబ్బుతో, పైగా పిల్లోడు అలిగి ఉన్నాడు, నేను నోరు మెదపలేదు. మే నెలలో ఒక సాయంత్రం చూస్తే వాడే కూర్చుని గంటలో రెండు వందలు కోసేశాడు, ప్రతి పదింటికి ఒకటి కాలిపర్‌తో చూసుకుంటున్నాడు. తాత పక్కన ఒక డబ్బా పెట్టుకుని, నాలుగుసార్లు కోతపడిన గుల్లల్ని దాంట్లో పడేస్తున్నాడు. అంత సాగిందంటే ఆ ఇత్తడి అడుగు దగ్గర నుంచే వచ్చి ఉంటుంది, అక్కడ పలచబడి తెగుతుందని. లోపల సన్నని తీగ పెట్టి గీకితే పలచబడిన చోట చిన్న గాడి తగులుతుంది, నాకూ గీకి చూపించాడు, తగిలింది.

వచ్చేటప్పుడు పెద్దాయన తన పాత కాలిపర్ నా చేతిలో పెట్టాడు. ఇంట్లోనే ఉంది. మోటారు బేరింగులు, షాఫ్టులు కొలుచుకోవాల్సినోళ్లు వచ్చి తీసుకుపోండి, కాకపోతే సాయంత్రానికి తెచ్చివ్వండి.