గురి పెట్టింది ఆమె... పేల్చింది అతడు!

లండన్‌లో బ్యాంకుల అద్దాల మేడల పక్కనే మేకలు, గొర్రెలు, లామాలు మేస్తుంటాయంటే నమ్ముతారా? బ్యాంక్ స్టేషన్‌లో డ్రైవర్ లేని డీఎల్ఆర్ రైలెక్కి మడ్‌చ్యూట్‌లో దిగండి. నాలుగడుగులు వేస్తే ముప్పై ఎకరాల పచ్చిక మైదానం. టికెట్ లేదు. వెనక కానరీ వార్ఫ్ టవర్లు, ముందు మేకలు... సెల్ఫీ అదిరిపోతుంది.

ఆ మేకలకు కాస్త అవతల, కాంక్రీటు గోడల మధ్య, ఆకాశం వైపు మూతి ఎత్తి ఓ పాత ఫిరంగి ఉంటుంది. చాలామంది పిల్లల్ని దాని పక్కన నిలబెట్టి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. ఓ పది నిమిషాలు ఆగండి. ఈ ఊరి అసలు కథల్లో ఒకటి ఇక్కడే మొదలవుతుంది.

మేకల పక్కన ఫిరంగి ఎందుకు?

మడ్‌చ్యూట్ అంటే బురద జారిన చోటు. పక్కనున్న మిల్‌వాల్ డాక్‌లో తవ్విన బురదనంతా ఇక్కడ పోసేవారు. అలా ఏర్పడిన దిబ్బ ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమానాలకు ఈ డాకులే పెద్ద టార్గెట్. లండన్ తినే తిండి, కాల్చే బొగ్గు ఓడల్లోంచి దిగేది ఇలాంటి చోట్లే మరి. అందుకే ఈ దిబ్బ మీద విమాన విధ్వంసక ఫిరంగులు పెట్టారు. అప్పటి సిగ్నల్ భాషలో ‘ఏ’ అక్షరాన్ని ‘యాక్’ అని పలికేవారు. అలా యాంటీ ఎయిర్‌క్రాఫ్ట్ కాస్తా ‘యాక్ యాక్’ అయిపోయింది.

మీరు చూస్తున్నది 3.7 అంగుళాల గన్. ఒక్కో షెల్ బరువు దాదాపు 13 కిలోలు. ఇంత పెద్ద ఆయుధం ఉన్నా, మొదట్లో విమానాలు పడేవి కావు. 1940 సెప్టెంబరు 7న లండన్ మీద బాంబుల వర్షం మొదలైంది. ఆ నెలలో ఒక్క విమానాన్ని కూల్చడానికి సగటున 20 వేలకు పైగా షెల్స్ ఖర్చయ్యాయి. జనం మాత్రం ‘మనవాళ్లు కొట్టట్లేదేంటి?’ అని అడుగుతున్నారు. ఫిరంగి దళాల అధిపతి జనరల్ ఫ్రెడరిక్ పైల్ రెండు రోజుల్లోనే లండన్‌లో గన్‌ల సంఖ్యను రెట్టింపు చేశాడు. సెప్టెంబరు 11 రాత్రి అన్నీ ఒక్కసారిగా గర్జించాయి. పడిన విమానాలు తక్కువే. కానీ షెల్టర్లలో దాక్కున్న జనానికి ఆ చప్పుడే ధైర్యమైంది.

అసలు కష్టం ట్రిగ్గర్ కాదు

ఇదేం తుపాకీ గురి కాదు. షెల్ పేలి అంత ఎత్తుకి చేరడానికి 20 సెకన్ల దాకా పట్టొచ్చు. గంటకు 400 కిలోమీటర్ల వేగంతో వెళ్లే విమానం అంతలో రెండు కిలోమీటర్లు దాటిపోతుంది. అంటే విమానం ఉన్నచోట కాదు, ఉండబోయే చోట కొట్టాలి. బౌండరీ దగ్గర ఫీల్డర్ బంతిని చూస్తూ, అది పడబోయే చోటికి పరుగెత్తుతాడు చూడండి, అలాగన్నమాట. తేడా ఏంటంటే, ఇక్కడ బంతి చీకట్లో ఆరు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది.

ఆ లెక్క కట్టేది ఫిరంగి పక్కనుండే టీమ్. ఒకరు పొడవాటి గొట్టం లాంటి పరికరంతో విమానం ఎత్తు కొలుస్తారు. కొందరు రాడార్ తెర మీద కళ్లు పెడతారు. ఇంకొందరు ‘ప్రిడిక్టర్’ అనే ఇనప్పెట్టె చుట్టూ నిలబడి చక్రాలు, డయల్స్ తిప్పుతారు. పళ్ల చక్రాలతో పనిచేసే కంప్యూటర్ అనుకోండి. విమానం వేగం, దిశ, ఎత్తు అందులోకి వెళ్తే, ఫిరంగి ఎటు తిరగాలో, షెల్ ఎన్ని సెకన్లకు పేలాలో బయటికి వస్తుంది. ఒక్క చేయి వణికినా షెల్ ఖాళీ ఆకాశంలో పేలుతుంది.

యుద్ధానికి ముందే, 1938లో, జనరల్ పైల్ ఒక మహిళను పిలిచి తన బ్యాటరీల ప్రాక్టీస్ చూడమన్నాడు. ఆమె కరోలిన్ హాస్లెట్, ఎలక్ట్రికల్ ఇంజనీర్. అంతా చూసి ఆమె చెప్పింది ఇదే: బరువైన షెల్స్ మోయడం తప్ప, ఇక్కడి పనులన్నీ ఆడవాళ్లు చేయగలరు.

మగవాళ్లు చాలక తిప్పలు పడుతున్న పైల్‌కు కావాల్సింది ఆ మాటే. 1941లో లండన్‌లోని రిచ్‌మండ్ పార్క్‌లో మొదటి ‘మిక్స్‌డ్ బ్యాటరీ’ మొదలైంది. ఆడా మగా కలిసి పనిచేసే ఫిరంగి దళం. ఆడవాళ్లు ‘ఏటీఎస్’ అనే సైనిక మహిళా విభాగం నుంచి వచ్చారు. 1943 నాటికి ఇలా ఫిరంగి దళాల్లో పనిచేసే మహిళలు 56 వేలకు పైనే.

కానీ ఒక గీత ఉంది. ఎత్తు కొలవొచ్చు, లెక్క కట్టొచ్చు, రాడార్ నడపొచ్చు, గురి పెట్టొచ్చు. ఫిరంగి పేల్చకూడదు. ఆ పని మగవాడిదే. పేల్చినవాడు రికార్డుల్లో ‘గన్నర్’. గురి పెట్టిన అమ్మాయి ‘ప్రైవేట్’. జీతం మగవాళ్లకిచ్చే దాంట్లో మూడింట రెండొంతులు.

చావు మాత్రం ఆ గీతను చూసుకుని రాదు కదా. 1942లో ఒక గన్ సైట్‌లో ప్రిడిక్టర్ దగ్గర నిలబడ్డ అమ్మాయి బాంబు తునక తగిలి కుప్పకూలింది. పక్కనున్న ఇంకో అమ్మాయి ఒక్క మాట మాట్లాడకుండా ఆ స్థానంలోకి వచ్చి నిలబడింది. కాల్పులు ఆగలేదు. కూలినామె బతకలేదు.

హైడ్ పార్క్: ప్రధాని కూతురి డ్యూటీ

ఇప్పుడు హైడ్ పార్క్‌కి వెళ్దాం. లండన్‌లో చదువుకునే మన పిల్లలు ఆదివారం సాయంత్రాలు తిరిగే చోటే. సర్పెంటైన్ సరస్సులో పడవలు, గడ్డి మీద పిక్నిక్‌లు. యుద్ధకాలంలో ఇక్కడ ఫిరంగులు, రేకుల గుడిసెలు ఉండేవి. ఇక్కడి 481వ మిక్స్‌డ్ బ్యాటరీలో ఒక యువ అధికారి పేరు మేరీ చర్చిల్. అవును, ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ చిన్న కూతురు.

చర్చిల్ పేరు వినగానే మనకు 1943 బెంగాల్ కరువు గుర్తొస్తుంది. గుర్తు రావాలి కూడా. ఆ లెక్క అలాగే ఉంటుంది. కానీ ఇక్కడ చెబుతున్నది తండ్రి కథ కాదు.

మేరీ 1941 సెప్టెంబరులో ఏటీఎస్‌లో చేరింది. ఆ నెలలోనే ఆమెకు 19 నిండాయి. నేరుగా అధికారిగా కాదు, మామూలు ప్రైవేట్‌గానే. మిగతా అమ్మాయిల్లాగే బూట్లు పాలిష్ చేసి, గుడిసెలో పడుకుని, శిక్షణ పూర్తిచేసి, తర్వాతే అధికారి అయింది. 1944 నాటికి రెండు వందల మందికి పైగా మహిళలు ఆమె చేతికింద ఉన్నారు. అప్పటికి ఆమెకు ఇంకా 22 ఏళ్లు నిండలేదు.

1944 మొదట్లో జర్మన్లు మళ్లీ లండన్ మీద రాత్రి దాడులు మొదలుపెట్టారు. సైరన్ మోగగానే అందరూ షెల్టర్లలోకి పరుగెత్తితే, చర్చిల్ ఒక్కోసారి కారెక్కి హైడ్ పార్క్‌కి వచ్చేసేవాడు. బిడ్డ డ్యూటీలో ఉంది మరి. దేశాన్ని నడిపేవాడైనా, నైట్ షిఫ్ట్‌లో ఉన్న కూతురి గురించి ఏ తండ్రికి నిద్ర పడుతుంది?

ఇప్పుడక్కడ ఆ బ్యాటరీ ఆనవాళ్లేవీ కనిపించవు. గడ్డి మళ్లీ గడ్డయిపోయింది.

పైలట్ లేని విమానం

తూర్పు లండన్‌లోని బో ప్రాంతంలో గ్రోవ్ రోడ్ మీద ఒక రైల్వే బ్రిడ్జి ఉంది. దాని గోడకు నీలం రంగు ఫలకం. 1944 జూన్ 13న లండన్‌ను తాకిన మొదటి వి-1 పడింది ఇక్కడే. ఆరుగురు చనిపోయారు. వి-1 అంటే పైలట్ లేని, 850 కిలోల పేలుడు పదార్థం మోసుకొచ్చే జెట్ బాంబు. నేటి డ్రోన్లకు తాత. గంటకు 640 కిలోమీటర్ల వేగం. దాని ఇంజిన్ చప్పుడు వినిపించినంతసేపు పర్లేదు. చప్పుడు ఆగిందా, కింద పడుతున్నట్టే.

నగరం మీద దాన్ని కూల్చితే అది నగరం మీదే పడుతుంది. అందుకని జులై మధ్యలో పైల్ వందలాది ఫిరంగుల్ని మూటాముల్లె సర్ది ఆగ్నేయ తీరానికి తరలించాడు. మేరీ బ్యాటరీ కూడా హైడ్ పార్క్ వదిలి ఆగ్నేయ ఇంగ్లండ్‌కు వెళ్లింది. తీరంలో కొత్త అమెరికన్ రాడార్, కొత్త ప్రిడిక్టర్, టార్గెట్ దగ్గరికి రాగానే దానంతటదే పేలే రేడియో ఫ్యూజ్ వచ్చి చేరాయి. మొదటి వారంలో గన్‌లు కొట్టింది వాటి పరిధిలోకి వచ్చినవాటిలో ఆరో వంతు. ఆగస్టు ఆఖరుకి అది దాదాపు నాలుగింట మూడొంతులైంది. ఆగస్టు 28న 90కి పైగా వి-1లు వస్తే, లండన్ దాకా చేరినవి నాలుగే.

ఆ రాడార్ తెరల ముందు, ఆ ప్రిడిక్టర్ల చుట్టూ నిలబడ్డవాళ్లలో వేలమంది అమ్మాయిలే. అయినా ఆ వేసవి నుంచి యుద్ధం ముగిసేదాకా వి-1లు బ్రిటన్‌లో ఆరు వేల మందికి పైగా ప్రాణాలు తీశాయి. గెలుపు లెక్కల పక్కన ఈ లెక్కనూ చదవాలి.

సముద్రం దాటి

జర్మన్ల నుంచి బెల్జియం విడిపించాక వి-1లు అటు మళ్లాయి. బ్రస్సెల్స్‌నూ, ఓడరేవు ఆంట్‌వర్ప్‌నూ కాపాడాలి. ఆడవాళ్లను విదేశాలకు పంపొచ్చా అని పార్లమెంటులో పెద్ద చర్చే నడిచింది. మిక్స్‌డ్ బ్యాటరీలు మాత్రం అప్పటికే ఓడలెక్కడం మొదలుపెట్టాయి. 1945 జనవరిలో, గడ్డకట్టే చలిలో, 481వ బ్యాటరీతో పాటు మేరీ కూడా బెల్జియంలో దిగింది.

మీరెప్పుడైనా ఆంట్‌వర్ప్ వెళ్తే సెంట్రల్ స్టేషన్ అందానికి నోరు తెరుచుకుని నిలబడతారు. అక్కడి నుంచి మొదలయ్యే దుకాణాల వీధి డె కైజర్‌లే. 1944 డిసెంబరు 16న ఆ వీధిలోని రెక్స్ సినిమా హాల్ మీద వి-2 పడింది. సినిమా చూస్తున్నవాళ్లు, చుట్టుపక్కలవాళ్లు కలిపి 567 మంది చనిపోయారు. వి-2 ధ్వని కంటే వేగంగా వచ్చే రాకెట్. దాని ముందు ఏ ప్రిడిక్టరూ, ఏ ఫిరంగీ పనికిరాలేదు. ఎంత బాగా గురి పెట్టినా ఆపలేనివి కొన్ని ఉంటాయని ఆ దళాలకు తెలిసొచ్చింది ఇక్కడే.

యుద్ధం ముగిశాక మేరీని జర్మనీలోని హాంబర్గ్‌కు పంపారు. 1943 జులైలో బ్రిటిష్, అమెరికన్ బాంబర్లు వారానికి పైగా చేసిన దాడుల్లో ఆ నగరంలో 30 వేల మందికి పైగా చనిపోయారు. నాలుగేళ్లు బాంబుల నుంచి జనాన్ని కాపాడే పనిచేసిన అమ్మాయి, తన దేశం వేసిన బాంబులు ఏం చేశాయో ఆ శిథిలాల మధ్య నిలబడి చూసింది. ఆ ఊరి ఫిరంగుల దగ్గరా కుర్రాళ్లే ఉండేవారు. 1943 నుంచి జర్మనీ హైస్కూలు విద్యార్థుల్ని కూడా ఆ పనిలో పెట్టింది.

కొక్కేలకు వేలాడే కోట్లు

తిరిగి లండన్. వైట్‌హాల్ రోడ్డు మధ్యలో, ప్రధాని ఉండే డౌనింగ్ స్ట్రీట్‌కు దగ్గర్లో, నల్లటి కంచు స్మారకం ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధ మహిళలకు 2005లో కట్టింది. అంటే యుద్ధం ముగిసిన 60 ఏళ్లకు! దాని మీద ఒక్క ముఖం కూడా లేదు. 17 రకాల దుస్తులు, టోపీలు కొక్కేలకు వేలాడుతుంటాయి. పని అయిపోయింది, యూనిఫాం విప్పి తగిలించి ఇంటికెళ్లిపోయారు అన్నట్టు. నిజంగా జరిగిందీ అదే. చాలామంది ఇంటికెళ్లారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, మనవళ్లు అడిగేదాకా నోరు విప్పలేదు. మేరీ మాత్రం రచయిత్రి అయింది. తన జ్ఞాపకాలను 2011లో పుస్తకంగా తెచ్చింది. 2014లో కన్నుమూసింది.

మరి ఆ గీత? బ్రిటిష్ సైన్యంలో అన్ని పోరాట విభాగాల్లోకీ మహిళలకు తలుపులు తెరుచుకున్నది 2018లో. అంతకుముందే, 2010లో, ఒక చిన్న విడ్డూరం జరిగింది. రాజవేడుకలప్పుడు హైడ్ పార్క్‌లో గుర్రాల మీద వచ్చి ఫిరంగులు పేల్చే దళం పేరు కింగ్స్ ట్రూప్. ఆ ఏడాది దాని కమాండర్‌గా మేజర్ ఎరికా బ్రిడ్జ్ వచ్చింది. ఆ పదవిలో మొదటి మహిళ ఆమే.

హైడ్ పార్క్‌లో ఈ ఫిరంగి వందనం జరిగే రోజున మీరు లండన్‌లో ఉంటే, కాస్త ముందే అక్కడికి చేరుకోండి. ఆరేసి గుర్రాలు లాగే మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫిరంగులు, 41 పేలుళ్లు. చెవులు మూసుకోవచ్చు గానీ కళ్లు మూసుకోకండి. ఆ ఫిరంగులు పేల్చేవాళ్లలో అమ్మాయిలూ ఉంటారు. ఇప్పుడు వాళ్లను పిలిచేది కూడా గన్నర్ అనే.