బావికి మందు, పొరకు గండం

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. వరద తీశాక బావుల్లో బ్లీచింగ్ పౌడరు చల్లడం మా చర్లవైపు మామూలే, అది మంచిదే. కాని ఆ చేత్తోనే ఇంట్లో ఆర్వో ఫిల్టరు పొరను కూడా కడుగుదామంది మా ఆవిడ.

“వద్దు సుమా!” అన్నాను.

“ఏమండీ, శుభ్రం చేస్తే తప్పా?”

“పట్టుచీరను బ్లీచింగులో నానబెడతావా?”

ఆ పొర పాలీఎమైడు. పట్టుపోగును పట్టి ఉంచే లంకెల వంటివే దానిలోనూ ఉంటాయి. క్లోరిను వాటిని సడలించి, క్రమంగా తెంపేస్తుంది. చిత్రమేమంటే, పొర చెడ్డాక నీళ్లు మరింత ధారాళంగా వస్తాయి, బాగుపడిందని మురిసిపోతాం. ఉప్పు దాటి వస్తోందని నాలుక చెప్పేసరికి జరగవలసింది జరిగిపోతుంది. అందుకే ఫిల్టరులో పొరకు ముందు బొగ్గును కాపలా ఉంచారు. నీళ్లలోని క్లోరినును అదే అడ్డుకుంటుంది. ఆ కాపలా దాటించి మనమే క్లోరినును లోపలికి పంపితే, ఇక పొరకు దిక్కెవరు?