మడి పొడి – ఎనిమిది గిన్నెలు

రిటైరయ్యాక ఏం చేస్తున్నారని మిత్రులు చాలామంది అడుగుతున్నారు. వంట చేస్తున్నాను. అదీ కథల్లో చదివిన వంట. రక్షణ శాఖ లెక్కల్లో ముప్పయ్యారేళ్లు ఇతరుల బిల్లులు తనిఖీ చేసినవాణ్ణి కనుక, రచయితలు కొలతలు చెప్పకుండా మనకి నోరూరించి తప్పించుకోవడం నాకు మొదటినుంచీ అభ్యంతరమే.

పుదుచ్చేరిలో ఉన్నాం కదా అని ఫ్రెంచివాళ్లతో మొదలుపెట్టాను. మార్సెల్ ప్రూస్ట్ నవల మొదటి సంపుటం 1913లో వచ్చింది. అందులో కథకుడు టీలో నానిన మాదలెన్ కేకు ముక్క నోట్లో పెట్టుకోగానే మరిచిపోయిన బాల్యమంతా తిరిగొస్తుంది. పిండి కలిపి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, బాగా వేడెక్కిన ఓవెన్‌లో పెడితే నడుమ బొడిపె చక్కగా పొంగింది. టీలో ముంచి తిన్నాను. బాల్యం రాలేదు. తరవాత తెలిసిందేమిటంటే, ప్రూస్ట్ తొలి చిత్తుప్రతుల్లో అది కేకే కాదు, కాల్చిన రొట్టె! ఇలా మాట మార్చిన సాక్షిని ఏ కోర్టు నమ్ముతుంది? (నవలాకారుడికి ఆ హక్కుందని మా ఆవిడ అంటుంది. ఉందనుకోండి.)

ఇక తెలుగులోకి వచ్చాను. నటి భానుమతి గారి 'అత్తగారి కథలు' చదవని వాళ్లు తక్కువ. మడీ ఆచారం గల అత్తగారూ, అరటికాయ పొడీ. ఆ పొడి చేద్దామనుకున్న సమయానికే, 2024లో, మా అక్క యానాం నుంచి వచ్చింది, బావగారి కంటి ఆపరేషన్ కోసం. అక్క మా ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. నేను 1986లో వేరే కులం అమ్మాయిని పెళ్లి చేసుకున్నాను. అప్పటినుంచీ ఎక్కడ కలిసినా మా చేతి మంచినీళ్లు కూడా ముట్టలేదు. లాస్‌పేటలో మా వరండాలో తన స్టవ్ తనది, తన గిన్నెలు తనవి.

కథ చదివి వినిపిస్తే అక్క కళ్లనీళ్లొచ్చేట్టు నవ్వింది. నవ్వి, "ఎంతైనా మడితో చేసిన పొడి రుచే వేరురా తమ్ముడూ" అంది. మిత్రులారా, నేనెలా ఊరుకోను?

మొదటి పోటీలో నేను చిత్తుగా ఓడిపోయాను. పక్కింటివాళ్లందరూ అక్క పొడే బాగుందన్నారు. నాది పొడి కాదు, జిగురు ముద్ద. మడి గెలిచిందని అక్క అంది. కానీ ఆడిటర్ కంటికి అక్కడ తేడాలు మూడున్నాయి. ఆవిడ మడి కట్టుకుంది, బొగ్గుల కుంపటి మీద కాల్చింది, చేత్తో చిదిమింది. నేను గ్యాసు మీద కాల్చి మిక్సీలో వేశాను. పచ్చి అరటికాయ నిండా పిండి పదార్థమే. కాల్చినప్పుడు అది ఉడికి ఉబ్బుతుంది. మిక్సీ బ్లేడు ఆ కణాలను చీల్చేస్తే లోపలి పిండి బయటికొచ్చి బంకలా సాగుతుంది. ఉడికిన బంగాళాదుంపను మిక్సీలో వేసి చూడండి, అదే జరుగుతుంది. చేత్తో చిదిమితే కణాలు చాలావరకు అలాగే ఉండి పలుకుపలుకుగా వస్తుంది. నా ఓటమికి కారణం మడి లేకపోవడం కాదనిపించింది. అనిపిస్తే సరిపోదు కదా.

1935లో ఆర్. ఏ. ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త తన పుస్తకంలో ఒక పరీక్ష రాశాడు. కప్పులో పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనని ఒకావిడ అంటుంది. ఎనిమిది కప్పులు పెడతారు, నాలుగు అలా, నాలుగు ఇలా. గుడ్డిగా చెబితే అన్నీ సరిపోయే అవకాశం 70లో ఒక్కటే. నేనూ అదే పెట్టాను. ఒకే గెలలోని బొంత అరటికాయలు పన్నెండు, ఆరు ఆవిడకి, ఆరు నాకు. ఒకే కుంపటి. మిరపకాయలు, మినప్పప్పు, ధనియాలు, చింతపండు, ఇంగువ అక్కే మడిలో వేయించి దంచి సగం నాకు ఇచ్చింది. ఆవిడ తెల్లవారుజామున తడిచీరతో చేసింది. నేను కాఫీ తాగి, లుంగీతో, చేత్తోనే చిదిమాను. ఏ గిన్నె ఎవరిదో నాకూ తెలియకుండా పక్కింటి కాలేజీ అమ్మాయి చీటీలు తీసి సర్దింది.

అంతా అయ్యాక అక్క వెనక్కి తగ్గింది. "నీ చేతిది నేనెలా తింటానురా?" నిజమే, ఇన్ని లెక్కలు వేసిన నాకు ఆ సంగతే తట్టలేదు. గిన్నెల మీద మూతలు పెట్టి ఊరుకున్నాను. అక్క మధ్యాహ్నం దాకా వరండాలోనే కూచుంది. చివరికి తనే అంది, "కాల్చినదానికి అంటు లేదులే. నీళ్లేం తగల్లేదుగా."

పై అధికారి బిల్లు పాస్ చెయ్యాలని నిర్ణయించాక అందుకు తగిన రూలు వెతికిపెట్టడం నా ఉద్యోగంలో సగం పని. కాబట్టి ఆ గొంతు నాకు బాగా తెలుసు. నోరు మూసుకున్నాను.

తన అన్నం, తన నెయ్యి కలుపుకుని ఒక్కో గిన్నె రుచి చూసింది. మడివి అని ఆవిడ ఎంచిన నాలుగింట్లో రెండు ఆవిడవి, రెండు నావి. కళ్లు మూసుకుని ఎంచినా 70లో 36 సార్లు అంతే వస్తుంది. ఒక్క పరీక్షతో తేడా లేదని తేలిపోయినట్టు కాదు, తేడా ఉందనడానికి ఆధారం దొరకలేదు, అంతే. ఇదంతా వివరిస్తుంటే అక్క చెయ్యి కడుక్కుంటూ, "రెండిట్లోనూ ఉప్పు తక్కువేరా" అంది.

వెళ్లేటప్పుడు నా పొడి సీసా సంచీలో పెట్టుకుంది, బావగారికట. నేను సంబరంగా లోపలికొచ్చాను. మా ఆవిడ ఆ ఎనిమిది గిన్నెలూ తోముతోంది. "ఆ పొడి నేను చేసుంటే వదినగారు తినేవారా?" అంది, తల ఎత్తకుండానే.

బావగారి రెండో కంటికి అక్క మళ్లీ వస్తానని ఫోన్ చేసింది. ఈసారి కుంపటి దగ్గర తనే కూచుంటానని మా ఆవిడ అంటోంది. అరటికాయలు తెచ్చి పెట్టాను.