రెండు రబ్బరు ముక్కలు

కుక్కర్ మూత దగ్గర కాస్త ఆవిరి పోతే చాలు, ఆ సాయంత్రానికల్లా కొత్త గాస్కెట్ తెచ్చేసుకుంటాను. కుళాయిలో వాషర్ అరిగినా, మిక్సీ జార్ అడుగు నుంచి నీళ్లు కారినా మా ఇంట్లో ముందు కనిపెట్టేది నేనే. అలాంటిదాన్ని, రోజూ నా కాలికింద నలిగే రబ్బరు గతి ఏమైందో పదమూడేళ్లుగా చూడలేదంటే నమ్ముతారా?

మాది విశాఖపట్నం. మారుతి 800 బండి, 2012లో కొన్నాం. ఆ మోడల్ తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది గానీ మా ఇంట్లో దాని ఉద్యోగానికి రిటైర్మెంటు లేదు. అత్తయ్యగారిని ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా, రైతుబజారుకెళ్లాలన్నా అదే. మావారికి కళ్లు సరిగా ఆనవు కనుక స్టీరింగు నా చేతిలోనే ఉంటుంది.

శ్రావణ శుక్రవారం నాడు గుడి నుంచి వస్తున్నాం. సన్నగా వాన. నా చెప్పులు తడిసి ముద్దయ్యాయి. పాండురంగాపురం డౌన్ దిగుతుంటే మొక్కజొన్నపొత్తుల తోపుడుబండి ఒకటి అడ్డంగా వచ్చింది. బ్రేకు తొక్కాను. కాలు సరిగ్గానే పడింది, కానీ నిలవలేదు. సబ్బునీళ్లు పడ్డ బాత్‌రూమ్ గచ్చు మీద వేసినట్టు సర్రున జారి కింద మ్యాట్‌కి తగిలింది. ఎలా తోచిందో ఏమో, ఎడమచేత్తో హ్యాండ్ బ్రేకు లాగేశాను. తోపుడుబండికి జానెడు దూరంలో కారు ఆగింది.

"ఏటమ్మా ఇది, సూసుకోవా?" అన్నాడతను. పాపం, అంతకన్నా ఏమీ అనలేదు. పక్కన స్కూటర్ మీదున్నాయన మాత్రం "ఆడోళ్లకి బండిస్తే ఇంతే" అని నలుగురికీ వినబడేలా అని వెళ్లాడు.

ఆ మాట కన్నా ఇంట్లో జరిగింది ఎక్కువ బాధపెట్టింది. హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఫోనులో "ఇక చాలమ్మా, ఆటో బుక్ చేసుకో" అన్నాడు. మావారు ఒక్క మాటా అనకుండా కారు తాళాలు బీరువాలో పెట్టేశారు. అత్తయ్యగారు ఒక్కరే "జారితే జారింది, ఆపింది కదా" అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ వాళ్లతో ఏకీభవించాను. యాభై ఎనిమిదేళ్లు, మోకాలి నొప్పులు. ఇక నా వల్ల కాదేమో అనుకున్నాను.

అయిదో రోజు అత్తయ్యగారి మాత్రల అట్ట కనపడలేదు. కారులో పడిందేమోనని టార్చిలైటు పట్టుకుని సీటు కింద వెతికాను. అట్ట దొరకలేదు గానీ, వెలుగు పెడల్స్ మీద పడింది. క్లచ్ రబ్బరు మీద చారలు నడిమధ్య చెరిగిపోయి నున్నగా ఉంది. బ్రేకుది మరీ అన్యాయం. యాక్సిలరేటర్ మీంచి పాదం వచ్చి పడే కుడివైపు అంచు పూర్తిగా అరిగి ఇనుపరేకు తేలింది. పైగా వేలు పెడితే జిడ్డు! అంతకు ముందు వారమే కారు కడిగించాను. ఆ కుర్రాడు ప్రేమగా డ్యాష్‌బోర్డుకి రాసే మెరుగునూనె పెడల్స్‌కి కూడా రాసేశాడు. అసలే నున్నటి రబ్బరు, దాని మీద నూనె, ఆపైన తడి చెప్పు. ఇంక నిలవమంటే కాలేం నిలుస్తుంది?

మా వీధి చివర షెడ్డు మెకానిక్‌కి చెబితే నవ్వాడు. పాత కారు కొనేటప్పుడు ముందు పెడల్ రబ్బర్లే చూస్తాడట. మీటర్లో కిలోమీటర్లు తగ్గించి చూపించేవాళ్లుంటారు గానీ రబ్బరు అబద్ధమాడదు అన్నాడు. మరీ కొత్త రబ్బర్లుంటే అదీ అనుమానమేనట!

బండి మోడల్, సంవత్సరం చెప్పి స్పేర్‌పార్టుల షాపులో క్లచ్‌కొకటి, బ్రేకుకొకటి తెచ్చుకున్నాను. రెండూ కలిపి రెండు వందలు కూడా కాలేదు. మెకానిక్‌ని పిలవలేదు, నేనే కూర్చున్నాను. బండి చదునుగా ఉన్నచోట నిలిపి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, తలుపు బార్లా తీసి కింద పీట వేసుకున్నాను. ఈ రబ్బరుకి మేకులూ స్క్రూలూ ఏమీ ఉండవు. చుట్టూ అంచు లోపలికి మడిచి ఉంటుంది, అదే ఇనుపరేకుని పట్టుకుంటుంది. ఒక మూల వేలితో లేపితే పాతది వచ్చేసింది. రేకు మీది మట్టి, తుప్పు గరుకు కాగితంతో రుద్ది పొడిగుడ్డతో తుడిచాను.

కొత్తది ఎక్కించడమే కష్టం. గట్టిగా, మొండిగా ఉంది. అరగంట కుస్తీ పట్టాక గాజులు గుర్తొచ్చాయి. బిగుతు గాజులు ఎలా ఎక్కిస్తాం? గిన్నెలో వేడినీళ్లు పోసి రబ్బర్లు అయిదు నిమిషాలు నాననిచ్చాను. మెత్తబడ్డాక లోపలి అంచుకి మాత్రం చుక్క సబ్బునీళ్లు రాసి, ముందు ఒకవైపు తగిలించి, మిగతాది స్పూను కాడతో లాగుతూ ఎక్కించాను. నూనె మాత్రం రాయకూడదు. తర్వాత తడిలేకుండా తుడిచి, నాలుగు అంచులూ వేలితో తడిమి చూశాను. ఒక్క మూల పైకి తేలినా తొక్కినప్పుడు మెలి తిరుగుతుంది. అక్కడే నిలిపి ఇరవైసార్లు తొక్కి చూశాను. తొక్కి ఉంచినప్పుడు పెడల్ మెల్లగా లోపలికి దిగిపోతుంటే అది రబ్బరు సంగతి కాదు, బ్రేకుల సంగతి. అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.

పనిలో పనిగా జారిపోతున్న మ్యాట్ కూడా తీసేశాను. సీటు కింద నీళ్లసీసా పెట్టడం మానేశాను. అది దొర్లుకుంటూ వచ్చి బ్రేకు కింద ఇరుక్కుంటే కొత్త రబ్బరేం చేస్తుంది? కారు కడిగే కుర్రాడికి, పెడల్స్ దగ్గరికి నూనెగుడ్డ రానివ్వొద్దని గట్టిగా చెప్పాను.

అరిగిన పాత రబ్బరు తీసుకెళ్లి మావారి ముందు కాఫీ గ్లాసు పక్కన పెట్టాను. తిప్పితిప్పి చూసి, లేచి వెళ్లి బీరువాలోంచి తాళాలు తెచ్చిచ్చారు. మర్నాడు అదే డౌన్‌లో, అదే వానలో అత్తయ్యగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. తడి చెప్పులు మాత్రం డోర్ దగ్గర గోనెపట్టా మీద తుడుచుకునే ఎక్కాను.

పాత రబ్బర్లు పారేయలేదు. ఊగిపోయే మా కుట్టుమిషను కాళ్లకింద రెండూ సరిగ్గా అమిరాయి.