పాత కారు బుష్‌లు

కారు సస్పెన్షన్‌లో ఇనుము కన్నా ముందు రబ్బరు ముసలిదవుతుంది. ఎండకు, ఇంజన్ వేడికి గట్టిపడి పగుళ్లు తీస్తుంది, పైనుంచి కారే ఆయిలుకు ఉబ్బి మెత్తబడుతుంది. బండి షెడ్డులోంచి కదలకపోయినా ఇది ఆగదు. మీటరు మీద కిలోమీటర్లు తక్కువే కనిపిస్తున్న పాత కారు కూడా గతుకుల్లో టకటకలాడేది ఇందుకే. శబ్దం వినగానే షాకబ్జర్లు పోయాయని తేల్చేయడం అలవాటు. చాలాసార్లు పోయేవి అవి కావు, వాటి చుట్టూ ఉండే చిన్నాచితకా రబ్బరు బుష్‌లు. ఓపిక, సరైన పనిముట్లు ఉంటే వీటిని ఇంటి ముందే మార్చుకోవచ్చు.

ఈ పని నేర్చుకోవడానికి మారుతీ 800 కన్నా అనువైన బండి మన దగ్గర లేదు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఈ కారు తయారీ 2014 జనవరిలో ఆగింది. మొదటి మోడల్‌కు వెనక కమాను పట్టీలు ఉండేవి. 1986లో వచ్చిన కొత్త రూపంలో వాటి స్థానంలో కాయిల్ స్ప్రింగులు చేరాయి. ముందు వైపుది మెక్‌ఫర్సన్ స్ట్రట్. స్ప్రింగు, షాకబ్జరు కలిసి ఒకే స్తంభంగా నిలబడే ఈ అమరికకు ఫోర్డ్ కంపెనీలో పనిచేసిన అమెరికన్ ఇంజనీరు పేరే స్థిరపడింది. 1950లో బ్రిటన్‌లో వచ్చిన ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. స్ట్రట్ కింద ఉండేది ఒక సన్నని లోయర్ ఆర్మ్ మాత్రమే. ఆ ఆర్మ్ ముందుకూ వెనక్కూ జరక్కుండా పట్టి ఉంచేది స్టెబిలైజర్ బార్. మలుపుల్లో బండి ఒరగకుండా చూడటం ఆ బార్ అసలు పని. పొదుపు కోసం ఈ రెండో చాకిరీ కూడా దానికే అప్పగించారు. దాంతో బార్ చివర బుష్‌లు అరిగితే బ్రేకు వేసినప్పుడల్లా చక్రం కాస్త వెనక్కి జరిగి, టక్కుమని చప్పుడొస్తుంది.

సామాను కొనే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. బండి మూలను బలంగా నొక్కి వదిలితే అది ఒకసారి పైకి లేచి నిలవాలి. ఊగుతూనే ఉంటే షాకబ్జరు పని అయిపోయినట్టే. అయితే ఈ పరీక్షలో పూర్తిగా చచ్చినవే దొరుకుతాయి, సగం చచ్చినవి తప్పించుకుంటాయి. షాకబ్జరు ఒంటి మీద తడి ఆయిలు, టైరు మీద అక్కడక్కడా పల్లాలుగా అరుగుదల ఇంతకన్నా నమ్మదగిన గుర్తులు. తర్వాత చక్రాన్ని గాలిలోకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపాలి. కదిలితే బాల్ జాయింటో, బేరింగో వదులైనట్టు. ఇంకొకరి చేత బ్రేకు తొక్కించి మళ్లీ ఊపినప్పుడు కదలిక మాయమైతే బేరింగ్, మిగిలితే బాల్ జాయింట్. కుడి ఎడమలుగా ఊపినప్పుడే కదిలితే టై రాడ్ ఎండ్ మీద అనుమానపడాలి. బుష్‌లను గడ్డపలుగు లాంటి కడ్డీతో మెల్లగా ఎత్తి చూస్తే చీలిక కంటికే కనిపిస్తుంది.

డిక్కీలో వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికి ఇచ్చింది. దాని మీద నిలబెట్టిన కారు కిందికి దూరడమంటే ప్రాణంతో ఆడుకోవడమే. గట్టి నేల మీద, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, బరువును ఇనప స్టాండ్ల మీదికి దించాకే పని మొదలుపెట్టాలి. ఇటుకలు ఉన్నట్టుండి పగులుతాయి కాబట్టి అవి పనికిరావు. ఎక్కువ నట్లు 12, 14, 17 నంబరు పానాలకు లొంగుతాయి. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో తిరిగిన బండికి తుప్పు ఎక్కువ. ముందు రోజు రాత్రే బోల్టులను తీగ బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే తెల్లారి సగం కష్టం తగ్గుతుంది.

లోయర్ ఆర్మ్ విప్పేటప్పుడు బాల్ జాయింట్‌ను బిగించే బోల్టును వదులు చేస్తే సరిపోదు, పూర్తిగా బయటికి లాగాలి. అది బాల్ పిన్ను గాడిలో కూర్చుని ఉంటుంది. ఈ సంగతి తెలియక సుత్తితో బాదినవాళ్లు చక్రాన్ని మోసే నకిల్‌ను పాడుచేసుకుంటారు. టై రాడ్ ఎండ్ తీసే ముందు దాని మర మీద రంగుతో గుర్తు పెట్టుకోవాలి. కొత్తది అక్కడికే బిగిస్తే బండి కనీసం అలైన్‌మెంట్ షాపు దాకా తిన్నగా వెళుతుంది. పాత స్ప్లిట్ పిన్నులను తిరిగి వాడకూడదు.

ఆర్మ్‌లోని పాత బుష్‌ను వైస్‌లో పెట్టి, కొలత సరిపోయే సాకెట్‌తో నొక్కి బయటికి తోయవచ్చు. కొత్తది జారడానికి చాలామంది గ్రీజో, ఇంజన్ ఆయిలో పూస్తారు. సహజ రబ్బరు వాటికి ఉబ్బి మెత్తబడుతుంది కాబట్టి ఇక్కడ సబ్బు నీళ్లే మేలు.

స్ట్రట్ దగ్గర మాత్రం భయం ఉండాల్సిందే. కారు ముందు మూల బరువంతా మోసే స్ప్రింగు అందులో అణిగి ఉంటుంది. దాన్ని కంప్రెసర్‌తో రెండు వైపులా సమానంగా, మార్చి మార్చి బిగించి కుదించక ముందే నడి నట్టు విప్పితే ముఖం పగులుతుంది. మంచి కంప్రెసర్ దొరకనప్పుడు స్ట్రట్‌ను బండి నుంచి దించి, స్ప్రింగు మార్పిడి ఒక్కటీ గ్యారేజీలో చేయించుకోవడం తెలివైన పని. స్ట్రట్ దించేటప్పుడు నకిల్‌ను బయటికి వాలనివ్వకూడదు, యాక్సిల్ లోపలి జాయింట్ ఊడొస్తుంది. బ్రేకు హోస్ మీద బరువు పడకుండా తీగతో కట్టాలి. కొత్త షాకబ్జరును నిలువుగా పట్టుకుని కొన్నిసార్లు నొక్కి లాగితే లోపలి గాలి పోతుంది. మెరిసే రాడ్‌ను ప్లయర్‌తో పట్టుకుంటే పడే గీత సీలును కోసేస్తుంది. షాకబ్జర్లను ఎప్పుడూ జతగానే మార్చాలి. రంధ్రం చేసి, ఆయిలు నింపి, వెల్డింగు పెట్టి అమ్మే ‘రీకండిషన్’ సరుకు డబ్బు దండగ. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ బండి సామానుకు కొరత లేదు. చౌకదనం చూసి మోసపోకుండా ఉంటే చాలు.

సొంతంగా చేసేవారు ఎక్కువగా తప్పేది చివరి బిగింపులో. లోయర్ ఆర్మ్ బుష్‌ల రబ్బరు లోపలి ఇనప గొట్టానికి అతుక్కుని ఉంటుంది. ఆర్మ్ కదిలినప్పుడు జారదు, మెలి తిరుగుతుంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, బండి నేల మీదికి దిగేసరికే రబ్బరు మెలిపడి ఉంటుంది. కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. అందుకే బోల్టులను చేతి బిగువుకే ఉంచి, కారును చక్రాల మీద నిలబెట్టి, రెండుసార్లు కుదిపి, బరువు కుదురుకున్నాక టార్క్ రించితో మాన్యువల్ చెప్పిన కొలతకు బిగించాలి. గ్యారేజీలో లిఫ్ట్ మీద హడావుడిగా చేసే పనిలో కూడా దాటవేసేది ఇదే.

ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, బండి చక్రాల మీద ఉండగానే, విప్పిన ప్రతి నట్టునూ మరోసారి రించి పెట్టి చూసుకోండి.