గుమ్మం దగ్గరి అమానతు

షాబాన్ నెల చివరలో ఒక మధ్యాహ్నం జుహర్ నమాజు ముగించుకుని మదరసా నుండి ఇంటికి వచ్చేసరికి మా గుమ్మం ముందు ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. భుజాన పెద్ద సంచి, చేతిలో హెల్మెట్టు. పార్సెల్ ఇవ్వడానికి వచ్చి ఉంటాడని చేయి చాపాము. "ఈ రోజు మీకు పార్సెల్ ఏమీ లేదండి సాయిబు గారూ. ఒక్క మాట అడిగి వెళదామని వచ్చాను" అన్నాడతడు.

ఆ మాట ఏమిటో చెప్పే ముందు మా ఇంటి పద్ధతి కొంత చెప్పవలసి ఉంది. పాత గుంటూరులో ఒక ఇరుకు సందులో మా నివాసం. పగటివేళ మేము మదరసాలోను, మా కుమారుడు తన దుకాణంలోను ఉంటాము. ఇంట్లో మా శ్రీమతి, కోడలు, పసివాడు ఉంటారు. పార్సెళ్ళు తెచ్చేవారు సరిగ్గా ఆ వేళకే వస్తారు. పరదా పాటించే ఇల్లు కనుక ఆడవారు తలుపు తెరవరు. "అన్నా, అక్కడే పెట్టి వెళ్ళండి" అని కోడలు లోపలి నుండే చెబుతుంది. వచ్చినవాడు చెప్పుల స్టాండు మీద పార్సెల్ పెట్టి, ఫోన్‌తో దానికొక ఫోటో తీసుకుని వెళ్ళిపోతాడు. మన ఇళ్ళలో చాలా వాటిలో జరిగేది ఇదే. ఇందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు. ఇతరుల ఇళ్ళలోకి అనుమతి లేనిదే ప్రవేశించవద్దని నూర్ సూరా నేర్పింది. మూడుసార్లు అనుమతి కోరినా బదులు రాకపోతే మరలిపొమ్మని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఇవన్నీ తెలిసిన మన బంధువులకన్నా, ఒక్క కేక వేసి, లోపలికి తొంగి చూడకుండా వెనుదిరిగే ఈ కుర్రవాళ్ళే ఆ మర్యాదను బాగా పాటిస్తున్నారని మాకు అనిపిస్తూ ఉంటుంది.

ఆ నెల మొదట్లో వచ్చిన ఒక పార్సెల్ మాత్రం కనబడకుండా పోయింది. రంజాను కోసం కోడలు తెప్పించుకున్న బట్టలవి. ధర 1,840 రూపాయలు. ఫోన్‌లో చేరినట్లు సందేశం ఉంది, ఫోటో కూడా ఉంది. కోడలు వంటపని ముగించుకుని గంట తర్వాత తలుపు తీస్తే స్టాండు మీద మా చెప్పులు తప్ప మరేమీ లేవు. రాత్రి కుమారుడు ఫోన్‌లోనే ఫిర్యాదు పెట్టాడు. అక్కడ చూపించిన జవాబుల్లో 'పార్సెల్ నాకు అందలేదు' అన్నదానిని ఎంచుకున్నాడు. వారం తిరగకుండానే సొమ్ము వాపసు వచ్చింది. భోజనాల దగ్గర ఆ సంగతి విని మేము "అల్‌హమ్దులిల్లాహ్" అన్నాము. పాతికేళ్ళకు పైగా పిల్లలకు ఫిఖ్హ్ బోధిస్తున్న నోటితోనే అన్నాము.

ఇక ఆ యువకుడు అడిగిన మాట ఇది: "ఆ పార్సెల్ నేను మీ గుమ్మంలోనే పెట్టానండి. అందలేదని మీరు రాశారట. నాకు రావలసిన డబ్బులోంచి ఆ 1,840 కోసేశారు. నా వల్ల ఏం తప్పు జరిగిందో తెలుసుకుందామని వచ్చాను." అతని గొంతులో కోపం లేదు. ఉంటే మాకు సులువుగా ఉండేది. ఒక్కో పార్సెల్‌కు అతనికి దక్కేది 15 రూపాయలట. అంటే 120కి పైగా గుమ్మాలు ఎక్కి దిగిన కష్టం పోయిందన్నమాట.

మేము జవాబు వెతుక్కుంటూ ఉండగానే తలుపు వెనుక నుండి కోడలి స్వరం వినిపించింది. "అబ్బాజాన్, అక్కడ పెట్టమన్నది నేనే."

ఆ రాత్రి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "అంత పెద్ద కంపెనీకి ఇదొక లెక్కా అబ్బాజాన్? కోత వేసింది వాళ్ళు, మనం కాదు. పైగా వస్తువు మన చేతికి రాలేదన్నది నిజమే కదా" అన్నాడు కుమారుడు. అందులో చివరి మాట తేలికగా తీసివేయదగినది కాదు. చేతికి రాలేదన్నది నిజమే. అయితే హనఫీ ధర్మవేత్తలు క్రయవిక్రయాల అధ్యాయంలో 'తఖ్లియా' గురించి చెబుతారు. కొన్నవాడు ఏ అడ్డంకీ లేకుండా తీసుకోగలిగేలా వస్తువును అతని ముందు వదిలిపెట్టినా స్వాధీనపరచినట్లే. చేతిలో పెట్టి తీరాలన్న షరతు లేదు. 1869–1876 మధ్య ఉస్మానియా రాజ్యంలో హనఫీ ఫిఖ్హ్‌ను సూత్రాలుగా కూర్చిన 'మజల్లా'లో అమానతుల భాగంలో ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. ఒకడు తన వస్తువును దుకాణదారుని వద్ద పెట్టి వెళ్ళిపోతాడు. దుకాణదారుడు చూసి కూడా మౌనంగా ఉంటాడు. ఆ మౌనంతోనే ఆ వస్తువు అతని వద్ద అమానతుగా మారుతుంది. మౌనానికే అంత బరువుంటే, "అక్కడ పెట్టండి" అని నోరు తెరిచి చెప్పిన మాటకు ఎంత ఉండాలి? ఈ పాఠం దగ్గర ఎవడో ఒక విద్యార్థి లేచి, దుకాణదారుడు నిద్రపోతూ ఉంటేనో అని అడుగుతాడు. మా ఇంట్లో నిద్రపోయింది మేమే.

ఒక సంగతి స్పష్టం చేయాలి. పిలవకుండా, బదులు వినకుండా పార్సెల్‌ను వీధిలో విసిరి పోయినట్లయితే అది అందినట్లు కాదు. అప్పుడు ఫిర్యాదు చేసుకోవడం మన హక్కు. మా విషయం అది కాదు. కుమారునికి ఈ తేడా విడమరచి చెప్పాము కానీ, అతడు దిగివచ్చింది మా ఫిఖ్హ్ విని కాదు. అంతవరకు మౌనంగా ఉన్న కోడలు, "ఆ ఫోటోలో నా గొంతు పడలేదు గనుకనే కదా మనకు డబ్బు తిరిగి వచ్చింది" అంది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

మరి సొమ్ము ఎవరికి చెల్లించాలి? కంపెనీ మాకు ఇచ్చినదానిని ఆ యువకుని నుండి రాబట్టుకుంది. దాని లెక్క సరిపోయింది. మిగిలిన బాకీ అతనికే. మరునాడు అతడు మా సందులోకి వచ్చినప్పుడు పిలిచి 1,840 రూపాయలు చేతిలో పెట్టాము. మొదట వద్దన్నాడు. తర్వాత రెండుసార్లు లెక్కపెట్టుకుని తీసుకున్నాడు. "నేను ఇంటికొచ్చి అడిగినట్టు కంపెనీకి మాత్రం చెప్పకండి, పని పోతుంది" అన్నాడు. అతని పేరు మీద పడిన మచ్చ పోవాలని, పార్సెల్‌ను మేము చెప్పిన చోటనే పెట్టాడని కుమారుడు కంపెనీకి రాశాడు. మీ సమస్య పరిష్కారమైనది, ధన్యవాదాలు అని మాత్రమే జవాబు వచ్చింది. ఆ మచ్చ పోయిందో లేదో అల్లాహ్‌కే ఎరుక.

రంజాను మొదటి వారంలో ఎదురింటి మాస్టారు ఒక పార్సెల్ పట్టుకుని వచ్చారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, మాకు ఇరవై ఏళ్ళ పొరుగు. "హజ్రత్ గారూ, క్షమించాలి. ఆ రోజు మేకలు దీన్ని స్టాండు మీదినుంచి కిందికి లాగుతుంటే తీసి నా స్కూటరు డిక్కీలో పెట్టాను. సాయంత్రం ఇద్దామనుకునేసరికి తెనాలి నుంచి ఫోను, అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయని. బస్సెక్కి పోయాను. నెల తర్వాత ఇవాళే డిక్కీ తెరిచాను" అన్నారు. అట్టపెట్టె మూల మేక పంటిగాటు ఉంది. లోపల బట్టలు చెక్కుచెదరలేదు. యజమానికి అప్పగించాలన్న ఉద్దేశంతో తీసినవాని చేతిలో దొరికిన వస్తువు కూడా అమానతే. ఆయన క్షమాపణ కోరవలసిన అవసరం లేదని చెప్పి, మనవరాలు పుట్టిందని తెచ్చిన మిఠాయిని ఇఫ్తారు కోసం లోపలికి పంపాము.

కథ ఇక్కడితో ముగిస్తే మాకు గౌరవంగానే ఉండేది. కానీ మిఠాయి పళ్ళెం అందుకున్న మా శ్రీమతి ముఖం పాలిపోయింది. మా వీధికి ప్రతి ఉదయం చిత్తుకాగితాలు, అట్టపెట్టెలు ఏరుకునే ఒక స్త్రీ వచ్చేది. మా గుమ్మం దగ్గర ఆగి, పార్సెళ్ళ తాలూకు ఖాళీ పెట్టెలు తీసుకుని, ఒక గ్లాసు టీ తాగి వెళ్ళేది. పార్సెల్ పోయిన రోజు ఆమె ఆలస్యంగా, మధ్యాహ్నం వచ్చినట్లు మా శ్రీమతికి గుర్తు. దొంగ అని ఎవరూ అనలేదు. మరునాడు ఆమె పిలిస్తే మాత్రం "ఏమీ లేవు, వెళ్ళు" అని లోపలి నుండి కేక వేశారు. పక్కింటివారికి కూడా, ఎందుకైనా మంచిది, ఒక కన్నేసి ఉంచమని చెప్పారు. ఆ ఇంట్లోనూ, ఆ పై ఇంట్లోనూ అదే మాట ఎదురై ఉంటుంది. వారం లోపే ఆమె మా సందుకు రావడం మానేసింది. అనుమానాలకు దూరంగా ఉండమన్న హుజురాత్ సూరా 12వ ఆయతును శుక్రవారాల్లో పొరుగు స్త్రీలకు వివరించేది మా శ్రీమతే. ఆ కేక విని కూడా ఎందుకని అడగనివారము మేము.

తన ప్రాణం తీయజూసిన మక్కావాసుల వస్తువులను సైతం వారికి అప్పగించి రమ్మని, హిజ్రత్ వేళ దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచిన సంగతి మదరసాలో మేము ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. అప్పగించవలసినవి వస్తువులైతే ఎవరివి ఏవో తెలుస్తాయి. ఈమెకు మేము బాకీపడినది ఏ డిక్కీలోనూ లేదు. మా శ్రీమతి రెండుసార్లు రైలు పట్టాల పక్కన గుడిసెల దాకా వెళ్ళి విచారించారు. ఎవరి కోసమని అడిగితే చెప్పడానికి పేరు తెలియదు. అన్నేళ్ళలో ఒక్కనాడూ అడగలేదు.

ఇప్పుడు గుమ్మం పక్కన మూత ఉన్న చెక్కపెట్టె ఒకటి చేయించాము. పార్సెల్ అందులో పడగానే కోడలు లోపలి నుండి "అందిందన్నా" అని వినబడేలా చెబుతుంది. అతడు మెట్లు దిగిన వెంటనే తలుపు తీసి తీసుకుంటుంది. వేరే అమ్మి కొనేవారు వచ్చి అడిగినా మా శ్రీమతి ఖాళీ పెట్టెలు ఇవ్వడం లేదు. విప్పి, మడిచి, తాడుతో కట్టి చెప్పుల స్టాండు పక్కన నిలబెడుతున్నారు. బక్రీదు వెళ్ళింది. కట్టలు మూడయ్యాయి.